మడిచిన కర్రలే కదా, సెక్యూరిటీలో ఎందుకు ఆపారు? ఈసారి అత్తయ్యను ఎలా తీసుకెళ్లాలి?

విజయనగరం జిల్లా నుంచి ఒక టీచరు గారు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు వద్దన్నారు. సారాంశం ఇది.

ఆమెకు 41 ఏళ్లు, అత్తగారికి 64. మామగారు పోయి మూడేళ్లయింది. దంపతులిద్దరూ కేదారనాథ్ వెళ్లాలని ఏళ్ల తరబడి అనుకుని వెళ్లలేకపోయారు. అత్తగారికి రెండు మోకాళ్లూ నొప్పే, మెట్లు దిగేటప్పుడు మరీ ఎక్కువ. కిందటి డిసెంబరులో ఉత్తరాదిన ఒక కొండ గుడికి బయల్దేరుతుంటే, పుణెలో ఉన్న మరిది తల్లి కోసం నాలుగు వేలు పెట్టి ట్రెకింగ్ కర్రల జత కొని పంపాడు. మూడు మడతలు పెడితే 37 సెంటీమీటర్లు. పెట్టె మీద ‘క్యాబిన్ సైజు’ అని రాసి ఉంది. అది చదివి ‘హ్యాండ్ లగేజ్‌లోనే పెట్టేద్దాం, దిగాక బెల్టు దగ్గర కాసుకుని కూర్చోనక్కర్లేదు’ అన్నది ఈవిడే. వెళ్లేటప్పుడు ఎవరూ ఏమీ అనలేదు. వచ్చేటప్పుడు ఒక విమానాశ్రయంలో బ్యాగు విప్పించి కర్రలు తీయించారు. బోర్డింగ్‌కి ఇరవై నిమిషాలే ఉంది. అక్కడే వదిలేసి వచ్చారు. ‘అంతమంది చూస్తుండగా దొంగ సొత్తు తీసినట్టు తీశారు’ అని అత్తగారు చాలా రోజులు బాధపడ్డారు. భర్త ఇప్పటికీ ‘అంతా నీ తెలివే’ అంటున్నారు.

ఇప్పుడు మే నెలలో కేదారనాథ్ ప్రయాణం. వైజాగ్ నుంచి ఢిల్లీ, ఢిల్లీ నుంచి డెహ్రాడూన్. చవగ్గా వస్తున్నాయని భర్త ముగ్గురికీ చెక్-ఇన్ బ్యాగు లేని టికెట్లు తీసేశారు. మరిది మళ్లీ అలాంటి జతే పంపాడు. ఇంట్లో తలా ఒక మాట. భర్త: ‘రబ్బరు తొడుగులు వేసి బట్టల అడుగున పెట్టు, కనబడవు.’ మరిది: ‘అమ్మకి వీల్‌చైర్ పెట్టించి డాక్టరు చీటీ చూపించు వదినా, ఏమీ అడగరు.’ అత్తగారు: ‘నాకా కర్రలూ వద్దు, ఆ కొండా వద్దు, మీరెల్లండి.’ రెండు రోజులయ్యాక మళ్లీ ఆవిడే ‘మీ మావగారి పొన్నుకర్ర ఉంది కదా, అదే పట్టుకొస్తాను’ అన్నారట. తప్పు నాదేనా, ఈసారి ఎవరి మాట వినాలి, ఆ పొన్నుకర్రను, అంటే కొనకి లోహపు తొడుగున్న చేతికర్రను, విమానంలోకి రానిస్తారా అని టీచరు గారు అడుగుతున్నారు.

అమ్మా, ముందు డిసెంబరు సంగతి తేల్చుకుందాం. అది తేలకపోతే ఈసారి మీరేం చెప్పినా మీ ఇంట్లో చెల్లదు.

‘క్యాబిన్ సైజు’ అన్న మాట అబద్ధం కాదు. కాకపోతే అది సగం నిజం. మన చేతిలోని బ్యాగు విమానం ఎక్కేలోపు ఇద్దరి లెక్కకి నిలవాలి. మొదటిది విమాన సంస్థ లెక్క. దేశీయ విమానాల్లో సాధారణంగా 7 కిలోల బరువు, 55, 35, 25 సెంటీమీటర్ల కొలత. మీ కర్రలు 37 సెంటీమీటర్లు, జత కలిపి అర కిలో ఉంటాయి కాబట్టి ఆ లెక్కలో సులువుగా ఇమిడిపోతాయి. పెట్టె మీద రాసింది ఈ లెక్కే. రెండోది భద్రతా తనిఖీ వాళ్ల లెక్క. వాళ్లు టేపు పెట్టి కొలవరు. ‘ఇది ఏ జాతి వస్తువు’ అని చూస్తారు. మన దేశంలో ఆ జాబితాను పౌర విమానయాన భద్రతా సంస్థ, అంటే బీసీఏఎస్, తయారుచేస్తుంది. పెద్ద విమానాశ్రయాల్లో దాన్ని అమలు చేసేది సీఐఎస్ఎఫ్ జవాన్లు. క్రికెట్ బ్యాట్లు, హాకీ స్టిక్కులు, గోల్ఫ్ కర్రలు, మంచు మీద జారే ఆటలో వాడే స్కీ పోల్స్ క్యాబిన్‌లోకి పనికిరావని అందులో ఉంది. ట్రెకింగ్ కర్ర ఆ స్కీ పోల్‌కి తోబుట్టువే. అదే పిడి, అదే మణికట్టు పట్టీ, కింద అదే గట్టి మొన. మడిస్తే పొట్టిదవుతుంది గాని జాతి మారదు. వైజాగ్‌లో ఎక్కినా, డెహ్రాడూన్‌లో ఎక్కినా జాబితా అదే.

పెట్టె మీద అచ్చులో ఉన్నదాన్ని నమ్మి మీరు చెప్పారు. ఆ స్థానంలో ఎవరున్నా అలాగే నమ్మేవారు. ఈ సంగతి మీ ఆయనకి ఒక్కసారి నిదానంగా చెప్పండి. అత్తగారు వినేలా చెప్పండి. ఆవిడ మనసులో ఉన్నది నాలుగు వేల రూపాయల నష్టం కాదు, నలుగురిలో జరిగిన అవమానం. రోజూ ఆ బల్లల దగ్గర కత్తెరలు, కొబ్బరికాయలు ఇలాగే తీయిస్తుంటారు. ఎవరి మీదో అనుమానంతో చేసే పని కాదని ఆవిడకి తెలిస్తే కొంత బరువు దిగుతుంది.

మరి వెళ్లేటప్పుడు ఎందుకు వదిలారు? ఎక్స్‌రే తెర మీద బొమ్మ చూసి అక్కడికక్కడ నిర్ణయించేది ఒక మనిషి. బ్యాగు ఏ వాటంలో పడుకుంది, ఎంత రద్దీ ఉంది, తెర ముందున్నవారికి ఆ ఆకారం తెలుసా లేదా అన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. ఒకచోట వదిలారు కదా అని ఇంకోచోట వాదించడానికి లేదు. మీ ప్రయాణంలో ఢిల్లీలో విమానం మారాలి. అక్కడ మళ్లీ తనిఖీ పడవచ్చు. వైజాగ్‌లో దాటిపోయిన కర్రలు ఢిల్లీలో ఆగిపోతే మీకు అటూ ఇటూ ఎవరూ ఉండరు. వచ్చేటప్పుడు డెహ్రాడూన్, ఢిల్లీ మళ్లీ రెండు. నాలుగు చోట్లా అదృష్టం కలిసిరావాలి.

‘బట్టల అడుగున పెడితే కనబడవు’ అన్న మీ ఆయన మాట గురించి. ఆ యంత్రంలో బట్టలు అడ్డం రావు. బట్ట, కాగితం, తిండి వస్తువులు పలచటి నారింజ రంగులో కనిపిస్తాయి. గట్టి లోహం నీలంగా, పలచటి అల్యూమినియం ఆకుపచ్చకీ నీలానికీ మధ్యలో కనిపిస్తుంది. రెండు కర్రలు మూడేసి మడతలంటే ఆరు గొట్టాలు, ఒకే పొడవులో, ఒకే మందంలో, పక్కపక్కన. నారింజ రంగు బట్టల మధ్య ఆ కట్ట కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కొన భాగంలో టంగ్‌స్టన్ కార్బైడ్ అనే చాలా బరువైన మిశ్రమంతో చేసిన చిన్న మొన ఉంటుంది. అది ఎక్స్‌రేని దాదాపు పూర్తిగా ఆపేస్తుంది కాబట్టి రెండు నల్ల చుక్కల్లా పడుతుంది. కార్బన్ ఫైబర్ కర్రలైతే గొట్టం నారింజలో కలిసిపోవచ్చు, కీళ్లూ మొనలూ మాత్రం దాగవు. రబ్బరు తొడుగు లాగితే ఊడే వస్తువు, దాని కింద మొన ఉందని వాళ్లకి తెలుసు. పైగా అడుగున దాచినట్టుంటే బ్యాగు మొత్తం ఖాళీ చేయిస్తారు. అత్తగారికి అదే దృశ్యం రెండోసారి చూపించినట్టవుతుంది.

మరిది సలహాలో ఒక ముక్క పనికొస్తుంది, ఒక ముక్క పనికిరాదు. వీల్‌చైర్‌లో వెళ్లేవాళ్లకీ, వాళ్ల బ్యాగులకీ తనిఖీ తప్పదు. కుర్చీలో కూర్చున్నంత మాత్రాన ట్రెకింగ్ కర్రల జతకి అనుమతి రాదు. అత్తగారు విమానాశ్రయంలో అంత దూరం నడవలేని పరిస్థితిలో ఉంటే కుర్చీ అడగండి, అది ఆవిడ హక్కు. కర్రల కోసం మాత్రం అడగకండి. ఆ కుర్చీ కోసం నిజంగా కదల్లేని మనిషి ఎవరో కాసుకుని ఉంటారు.

పనికొచ్చే ముక్క డాక్టరు చీటీ. నడకకి ఊతంగా వాడే ఒక్క చేతికర్రను పెద్దవాళ్లు తనిఖీ చేయించుకుని వెంట తీసుకెళ్లవచ్చు. ఇక్కడ ‘ఒక్క’ అన్నదీ ‘చేతికర్ర’ అన్నదీ రెండూ ముఖ్యం. మందుల షాపుల్లో దొరికే మామూలు ఊతకర్ర, వంపు పిడి, కింద వెడల్పాటి రబ్బరు బుడిపె ఉన్నది. నాలుగు ముక్కలుగా మడిచేవి కూడా దొరుకుతాయి. పిడి మర తిప్పితే ఊడివచ్చే రకం కొనకండి. లోపల కత్తి దాచిన గుప్తి కర్రేమోనని ప్రతిచోటా విప్పించి చూస్తారు. చీటీలో పేరు, వయసు, రెండు మోకాళ్లలో అరుగుదల అని, నడిచేటప్పుడు ఊతకర్ర అవసరమని, ఈ మధ్య తేదీ, సంతకం, ముద్ర ఉంటే చాలు. చూపించమని అడిగితేనే చూపించండి. చీటీ ఉన్నంత మాత్రాన తుది మాట మీదవదు, అక్కడున్న అధికారిదే. కర్ర బెల్టు మీద ఎక్స్‌రేలోకి వెళుతుంది. ఆ రెండు నిమిషాలు కర్ర లేకుండా ఆవిడ ద్వారం దాటాలి. ‘పెద్దావిడ, చెయ్యి పట్టుకోవాలి’ అని ముందే చెబితే మహిళా సిబ్బంది సాయం పడతారు. విమానంలో టేకాఫ్, ల్యాండింగ్ సమయాల్లో కర్రను పై అరలో పెట్టేస్తారు, కంగారుపడొద్దని ఆవిడకి ముందే చెప్పి ఉంచండి.

అయితే ఒక్క ఊతకర్రతో కేదారనాథ్ దిగడం వేరు, రెండు ట్రెకింగ్ కర్రలతో దిగడం వేరు. గౌరీకుండ్ నుంచి గుడికి సుమారు 16 కిలోమీటర్లు. దాదాపు 1,980 మీటర్ల ఎత్తున నడక మొదలై 3,583 మీటర్ల దగ్గర ముగుస్తుంది. అంటే పదహారు వందల మీటర్లు ఎక్కాలి, మళ్లీ అంతా దిగాలి. మోకాళ్లు దిగేటప్పుడే ఎక్కువ నలుగుతాయి. రెండు చేతుల్లో రెండు కర్రలుంటే ప్రతి అడుగులో కొంత బరువు భుజాల మీదికి పోతుంది, తడి రాళ్ల మీద పట్టు ఉంటుంది. అందుకని మీ మరిది పంపిన కర్రలు వృథా వస్తువులు కావు. వాటిని చేరవేసే దారే మార్చుకోవాలి.

అన్నింటిలోకీ తిన్ననిది ఒక చెక్-ఇన్ బ్యాగు జోడించడం. ముగ్గురికీ మూడు అక్కర్లేదు, ఒక్కరి టికెట్ మీద ఒక్క బ్యాగు చాలు. విమాన సంస్థ యాప్‌లో ముందే కొనుక్కుంటే కౌంటర్ దగ్గర అప్పటికప్పుడు కొనేదానికన్నా తక్కువ పడుతుంది. ఇక్కడ రెండు చోట్ల పొరపాటు జరుగుతుంది. చాలామంది వెళ్లేటప్పటికి కొని తిరుగు ప్రయాణానికి కొనడం మరిచిపోతారు. మీకు డిసెంబరులో దెబ్బ తగిలింది తిరుగు ప్రయాణంలోనే కదా. ఇంకొకటి, వైజాగ్–ఢిల్లీ, ఢిల్లీ–డెహ్రాడూన్ రెండూ ఒకే పీఎన్ఆర్ మీద ఉన్నాయో లేదో చూడండి. ఒకటే అయితే బ్యాగు నేరుగా డెహ్రాడూన్‌కి ట్యాగ్ చేస్తారు. ట్యాగ్ మీద ‘డీఈడీ’ అన్న కోడ్ ఉందో లేదో కౌంటర్ దగ్గరే చూసుకోండి. వేర్వేరు టికెట్లయితే ఢిల్లీలో బ్యాగు తీసుకుని మళ్లీ వేయాలి, రెండో టికెట్‌కి కూడా బ్యాగు కొనాలి, మధ్యలో కనీసం మూడు గంటలుండాలి. దేశీయ విమానాలకి సాధారణంగా గంట ముందే బ్యాగు కౌంటర్ మూసేస్తారు.

ఇక సర్దడం. కర్రలు విరిగేది కొండ మీద కన్నా బ్యాగులోనే ఎక్కువ, కాబట్టి ఈ పని రాత్రి పదకొండింటికి హడావిడిగా చేయకండి.

మీ దగ్గరున్నది మడత రకం. పిడి కింది గొట్టంలో ఒక చిన్న లోహపు గుండీ పైకి పొడుచుకు వచ్చి ఉంటుంది. దాన్ని బొటనవేలితో లోపలికి నొక్కి, గొట్టాన్ని పైకి తోస్తే లోపలి తాడు వదులవుతుంది. అప్పుడు కింది ముక్కల్ని ఒక్కొక్కటిగా తిన్నగా లాగి విడదీసి మడవాలి. పక్కకి వంచి లాగితే కీలు దగ్గర గొట్టం అంచు తాడుని కోస్తుంది. తాడు తెగితే ఆ కర్రను కొండ మీద బాగుచేసే దారి లేదు. మడిచాక రెండు కీళ్ల దగ్గర ఆ తాడు బయటికి కనిపిస్తుంది. బ్యాగు మూసేటప్పుడు బూట్లో, నీళ్ల సీసానో దాని మీద పడి నొక్కకుండా చూడండి.

మొన పైన వెడల్పాటి ప్లాస్టిక్ బిళ్ల ఒకటి ఉంటుంది, కర్ర బురదలో దిగబడకుండా. అది మర తిప్పితే ఊడుతుంది, తీసి సాక్సులో వేసేయండి. ఉంచితే చుట్టుపక్కల బట్టలకి తట్టుకుని విరుగుతుంది. మొనలకి రబ్బరు తొడుగులు వేసి పైన టేపు రెండు చుట్లు చుట్టండి. టేపు లేకపోతే బ్యాగు దొర్లినప్పుడు తొడుగు ఊడి మొన బ్యాగు బట్టని చీల్చేస్తుంది. తర్వాత బట్టల కొట్లో తానులు చుట్టి వచ్చే మందపాటి అట్ట గొట్టం ఒకటి తెచ్చుకోండి. విజయనగరంలో మూడు లాంతర్ల సెంటర్ దగ్గర కొట్లలో అడిగితే దొరుకుతాయి. కర్రల జత పట్టేంత లావుది చూసి, కర్రల పొడవుకన్నా నాలుగు సెంటీమీటర్లు ఎక్కువ ఉంచి కోసి, రెండు కర్రల్నీ ఎదురెదురుగా, ఒకదాని పిడి పక్కన ఇంకొకదాని మొన వచ్చేలా దూర్చండి. అంత లావు గొట్టం దొరక్కపోతే కర్రకొకటి చొప్పున రెండు సన్నవి తెచ్చుకోండి. రెండు వైపులా పాత తువ్వాలు ముక్క కుక్కండి. ఈ గొట్టం పెట్టె మధ్యలో ఉండాలి, కిందా పైనా బట్టలు. గోడకి ఆనించి పెడితే బ్యాగు విసిరినప్పుడు దెబ్బంతా దానిదే. కార్బన్ కర్రలకి ఇది మరీ ముఖ్యం. అల్యూమినియం వంగుతుంది, వంగింది కనిపిస్తుంది. కార్బన్ లోపల సన్నగా చిట్లి పైకి బాగానే కనిపిస్తుంది, బరువు వేసినప్పుడు ఫట్టుమంటుంది.

మడత రకం కాకుండా ఒక గొట్టంలోంచి ఇంకో గొట్టం జారే రకం ఉన్నవాళ్లకి ఒక మాట. అవి పూర్తిగా మూసినా 60 నుంచి 65 సెంటీమీటర్లు ఉంటాయి. మధ్య సైజు ట్రాలీలో నిలువునా పట్టవు, మూల నుంచి మూలకి ఏటవాలుగా పెడితే పడతాయి. రక్‌సాక్ బయట పట్టీలకి కట్టి వేయకండి. బెల్టుల మధ్య ఇరుక్కుని పట్టీతో సహా ఊడిపోతాయి.

ఆ బ్యాగు సర్దేటప్పుడు అత్తగారి పూజ సంచి కూడా ఒకసారి విప్పి చూడండి. కర్పూరం, అగ్గిపెట్టె, లైటరు ఎటూ కుదరవు. ఎండుకొబ్బరి కూడా అంతే. అందులోని నూనెకి నిప్పు అంటుకునే గుణం ఉందని 2022 నుంచి నిషేధం. కేదారనాథ్‌కని అమ్మే చిన్న ఆక్సిజన్ డబ్బాలు విమానంలోకి రావు, పైన అవసరమనుకుంటే అక్కడే కొనుక్కోండి. పవర్ బ్యాంకు మాత్రం దీనికి తలకిందులు, చెక్-ఇన్‌లో వేయకూడదు, చేతిలోనే ఉండాలి. చెక్-ఇన్ బ్యాగులో పవర్ బ్యాంకు కనిపిస్తే ఆపి మిమ్మల్ని పిలుస్తారు. మోకాళ్ల మందులు, చీటీ, ఒక జత బట్టలు చేతి బ్యాగులో. నడక బూట్లు కాళ్లకే వేసుకుని రండి. అప్పుడు బ్యాగు ఒక రోజు ఆలస్యంగా వచ్చినా యాత్ర ఆగదు. అలా రాకపోతే డెహ్రాడూన్ హాల్లోంచి బయటికి రాకముందే ఫిర్యాదు పత్రం రాయించి నంబరు తీసుకోండి, బయటికొచ్చాక చెబితే బరువుండదు.

బ్యాగు డబ్బు అసలు పెట్టనంటే వేరే దారులున్నాయి. హరిద్వార్‌లోనో గుప్తకాశీలోనో మీరు దిగే లాడ్జికి ముందే ఫోన్ చేసి, వాళ్లు ఒప్పుకుంటే కర్రల్ని పార్శిల్‌గా స్పీడ్ పోస్టులో పంపవచ్చు. బుకింగ్ పేరు, దిగే తేదీ, మీ ఫోన్ నంబరు పైన పెద్ద అక్షరాల్లో రాయండి, పది పదిహేను రోజుల ముందే పంపండి. చేరకపోతే చేతులు ఖాళీ, తిరిగి పంపే పని మళ్లీ మీదే. అలసిపోయి కొండ దిగిన రోజున పోస్టాఫీసు వెతుక్కోవాలి. డబ్బు లెక్కలో బ్యాగుకన్నా కొంచెం కలిసిరావచ్చు, ఓపిక లెక్కలో కలిసిరాదు.

అసలు కర్రలు ఇంట్లోనే వదిలేసి అక్కడే కొనుక్కోవడం ఇంకొకటి. గౌరీకుండ్‌లో నడక మొదలయ్యే చోట కర్రలు అమ్ముతారు. అవి బలమైనవే, పొడవు మాత్రం మార్చుకోలేం. అత్తగారి ఎత్తు 155 సెంటీమీటర్లు అనుకుంటే ఆవిడకి 105 దగ్గర కర్ర కావాలి. నిలబడి పట్టుకుంటే మోచెయ్యి సమకోణంలో ఉండాలి. ఎక్కేటప్పుడు అయిదారు సెంటీమీటర్లు తగ్గించి, దిగేటప్పుడు అంతే పెంచుకుంటే మోకాలికి హాయి. అక్కడ కొన్న కర్రతో అది కుదరదు. మంచి కాళ్లున్నవాళ్లకి చాలు, ఆవిడకి రెండో ఎంపికగానే ఉంచండి.

రైలు కూడా మరిచిపోకండి. సమతా ఎక్స్‌ప్రెస్ విజయనగరం మీదుగానే ఢిల్లీలోని నిజాముద్దీన్ వెళుతుంది. కర్రలకి అడ్డు లేదు, విమానంలోలా 7 కిలోల లెక్క లేదు. కాకపోతే రోజున్నర కూర్చుని వెళ్లిన మోకాళ్లతో మళ్లీ హరిద్వార్ దాకా, అక్కడి నుంచి కొండ రోడ్డు మీద రోజంతా. 64 ఏళ్ల మనిషికి ఇది చిన్న సంగతి కాదు, టికెట్లు కూడా తీసేసి ఉన్నాయి.

మీ ఆయన అన్నీ విని కూడా ‘చేతిలోనే పెట్టి చూద్దాం’ అంటే, కనీసం ఇలా చేయండి. కర్రలు బ్యాగు పైభాగంలోనే ఉంచండి. సెక్యూరిటీ లైనులోకి వెళ్లకముందే, రెండు గంటల ముందు వచ్చి, చెక్-ఇన్ కౌంటర్‌లో ‘వీటిని లోపలికి రానిస్తారా’ అని అడగండి. కాదంటే అక్కడికక్కడే బ్యాగు వేసేయవచ్చు, ఖర్చు ఎక్కువైనా కర్రలు దక్కుతాయి. తనిఖీ బల్ల దాకా వచ్చాక ఆపితే మాత్రం వెనక్కి పోయి కౌంటర్‌లో వేయడానికి టైము ఉండాలి, కౌంటర్ తెరిచి ఉండాలి, వాళ్లు ఒప్పుకోవాలి. ఈ మూడూ కలవకే డిసెంబరులో వదిలేశారు. నాలుగు వేల జతని నాలుగు చోట్ల పణంగా పెట్టడమా, బ్యాగు రుసుము కట్టడమా అని కాగితం మీద రెండు అంకెలూ రాసి ఆయన ముందు పెట్టండి. లెక్క ఆయనే వేసుకుంటారు.

ఇక అత్తగారు. ‘మీరెల్లండి’ అన్న మాటని నిర్ణయంగా తీసుకోకండి. మొగుడితో వెళ్లాలనుకున్న కొండ అది. వద్దంటూనే పొన్నుకర్ర ఊసెత్తారంటే రావాలని ఉంది. అయినా మోకాళ్లకి ఎముకల డాక్టరు ఏమంటారో ముందు కనుక్కోండి. నడక వద్దంటే గుర్రం, డోలీ ఉన్నాయి, ఫాటా, సెర్సీల నుంచి హెలికాప్టర్ ఉంది, ముందుగా బుక్ చేసుకోవాలి. ఎక్కడం గుర్రం మీద, దిగడం నడక అని కొందరు అనుకుంటారు, ఆవిడ విషయంలో తలకిందులుగా ఆలోచించండి. దిగేటప్పుడే సాయం ఎక్కువ కావాలి. నడవవచ్చంటే ఇప్పటి నుంచే వారానికి రెండుసార్లు మీ జిల్లాలోని రామతీర్థం తీసుకెళ్లి, కొండ మెట్ల మీద ఆ రెండు కర్రలూ చేతికిచ్చి ఎక్కించి దింపండి. పట్టీలోకి చెయ్యి కింది నుంచి పైకి దూర్చి, పట్టీతో కలిపి పిడిని పట్టుకోవాలి. పై నుంచి దూర్చి పట్టుకుంటే జారిపడ్డప్పుడు బొటనవేలు మెలితిరుగుతుంది. దిగేటప్పుడు కర్రలు ముందు కింది మెట్టు మీద పడాలి, తర్వాత కాలు. రాతి మెట్ల మీద రబ్బరు తొడుగులు ఉంచండి, మట్టిలో తీసేయండి. నాలుగు వారాలు అలా నడిచాక కర్రలు ఆవిడవి అవుతాయి. బ్యాగులో అట్ట గొట్టం ఎక్కడ పెట్టాలో అప్పుడు ఆవిడే చెబుతారు, చెప్పనివ్వండి.

తిరిగి వచ్చాక వాటిని మడిచినట్టే అటక మీద పడేయకండి. ముక్కలు విడదీసి, మంచినీళ్లలో తడిపిన గుడ్డతో తుడిచి, నీడలో రెండు రోజులు ఆరబెట్టండి. మన సముద్రపు గాలికి అల్యూమినియం కీళ్లలో తెల్లటి పొడి పట్టి బిగుసుకుపోతుంది. బిగిసింది కదా అని నూనె వేయకండి, ఆ తర్వాత లాక్ పట్టు దొరకదు.

పొన్నుకర్ర సంగతి చివరికి ఉంచాను, అది మిగతావాటిలాంటిది కాదని. మీరు రాసినదాన్ని బట్టి అది ఇత్తడి పిడి, కింద ఇనుప పొన్ను ఉన్న పాత కర్ర. ఊతకర్రగా అడిగితే ఒకచోట రానివ్వవచ్చు, ఇంకోచోట ఆ పొన్ను చూసి ఆపవచ్చు. పొన్ను మీద మందుల షాపులో దొరికే రబ్బరు బుడిపె తొడిగితే అవకాశం కొంచెం మెరుగుపడుతుంది. బుడిపెలు లోపలి కొలతని బట్టి అమ్ముతారు, కర్ర వెంట పట్టుకెళ్లి సరిచూసుకుని కొనండి. మడవలేని కర్ర కాబట్టి మీ చెక్-ఇన్ పెట్టెలో పట్టదు, పొడవాటి పార్శిల్‌గా విడిగా కట్టి వేయాలి, అది రెండో బ్యాగు లెక్క కావచ్చు. ఆపేస్తే ఏమవుతుందో మాత్రం అత్తగారికి దాచకుండా చెప్పండి. ట్రెకింగ్ కర్రలు పోతే మీ మరిది ఇంకో జత పంపుతాడు, మామగారి కర్ర పోతే మళ్లీ రాదు. ఆ మాట విన్నాక తెస్తానన్నా, ఇంట్లో ఉంచుతానన్నా ఆవిడ ఇష్టమే కానివ్వండి. ఉంచుతానంటే రామతీర్థం నడకల్లో ఒక రోజు ఆ కర్రే పట్టుకు రమ్మనండి.